స్థలం కొంటే ఇల్లూ వాళ్ళతోనే కట్టించుకోవాలట, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం ఎనిమిదేళ్ళుగా జపాన్‌లో ఉంటున్నాం. ఇప్పుడు టోక్యోలో, నిషికసాయిలో అద్దెకుంటున్నాం. ఆయనది ఐటీ ఉద్యోగం, నేను పార్ట్‌టైమ్ చేస్తున్నాను, బాబుకి ఐదేళ్ళు. పోయినేడాది పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది. చిబాలో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ లైన్ మీద, స్టేషన్ నుంచి పద్దెనిమిది నిమిషాల నడకలో ఒక స్థలం చూశాం. 38 త్సుబోలు (దాదాపు 150 గజాలు), 2,480 మాన్ యెన్లు (మాన్ అంటే పదివేలు). పాత ఇల్లు పడగొట్టి నాలుగు ముక్కలు చేసి అమ్ముతున్నారు. దక్షిణం రోడ్డు. మాకు బాగా నచ్చింది. కానీ కాగితం మీద ‘కెన్‌చికు జోకెన్ త్సుకి’ అని ఉంది. అంటే మూడు నెలల్లోపు వాళ్ళ కంపెనీతోనే ఇల్లు కట్టించుకునే ఒప్పందం రాసుకోవాలట. వచ్చే శనివారం స్థలం కాగితం, ఇంటి కాగితం రెండూ ఒకేసారి పూర్తి చేసేద్దాం, లేకపోతే బ్యాంకు లోన్ రాదు అంటున్నాడు సేల్స్ అతను. అడ్వాన్సు 100 మాన్. ఇల్లు 30 త్సుబోలు, త్సుబోకి 62 మాన్ అన్నారు. ఒక్క శాంపిల్ ప్లాన్ చూపించారు, తర్వాత ఎంతైనా మార్చుకోవచ్చట. మావారు పెట్టేద్దాం అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. మా అత్తగారేమో తూర్పు వాకిలి ఉండాల్సిందే అంటున్నారు. ఈ షరతు తీసేయించుకోవచ్చా? వద్దనుకుంటే మా డబ్బు తిరిగొస్తుందా?
– ఒక పాఠకురాలు, టోక్యో

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను. శనివారం స్థలం కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో మీ ఇద్దరి ఇష్టం. ఇంటి కాగితం మీద మాత్రం ఆ రోజు పెట్టకండి. ఎంత మర్యాదగా అడిగినా, నడుం వంచి ఎన్నిసార్లు దండం పెట్టినా సరే. మీ డబ్బు తిరిగొస్తుందా అన్నదానికి జవాబూ అక్కడే ఉంది. మొదటి కాగితం ఒక్కటే ఉన్నంతకాలం వస్తుంది. రెండోదాని మీద సంతకం పడ్డాక రాదు.

మన దగ్గర షాద్‌నగర్ వైపో తగరపువలస వైపో వెంచర్లో ప్లాటు కొన్నామనుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక ఎప్పుడు కట్టుకుంటామో, ఏ మేస్త్రీని పెట్టుకుంటామో మామూలుగా మన ఇష్టమే. మీరు చూసిన స్థలంలో వరస వేరు. అమ్మేవాడికి అసలు లాభం మట్టిలో కాదు, దాని మీద లేచే ఇంట్లో ఉంటుంది. ఊళ్ళో పెద్దాయన పోయాక పిల్లలు అమ్మేసిన పాత ఇంటిని కొంటాడు, పడగొడతాడు, నాలుగు ముక్కలు చేస్తాడు, నాలుగు ఇళ్ళ పని తనకే దక్కేలా షరతు పెడతాడు.

ఇందులో ఇంకో కిటుకుంది. కట్టబోయే ఇంటిని ‘తతేఉరి’ పేరుతో, అంటే స్థలమూ ఇల్లూ కలిపి అమ్ముతామని ప్రకటన ఇవ్వాలంటే ముందు ఆ ఇంటి ప్లాన్‌కి అనుమతి, అదే కెన్‌చికు కకునిన్, వచ్చి ఉండాలి. ఇక్కడి చట్టం అది. అనుమతి లేకుండానే బోర్డు పాతి కొనేవాళ్ళను వెతుక్కోవాలంటే ‘షరతున్న స్థలం’ అని అమ్మడం ఒక దారి. అందుకే కొన్నిచోట్ల పైకి ‘ఫ్రీ ప్లాన్’ అని రాసి ఉంటుంది, లోపల తతేఉరి ఇల్లే ఉంటుంది. గోడ జరపమంటే కుదరదంటారు, వాల్‌పేపర్ రంగు మాత్రం ఎంచుకోమంటారు. మీకు చూపించింది ఒక్కటే ప్లాన్ అన్నారు కదా, నాకు అనుమానం వచ్చింది అక్కడే.

అలాగని ఇదేదో మోసమని భయపడకండి. స్టేషన్‌కి దగ్గరగా ఉన్న మంచి స్థలాలు షరతు లేకుండా దొరకడం కష్టం. ఇలా కొని హాయిగా ఉన్న తెలుగువాళ్ళు నాకు తెలిసే నాలుగైదు కుటుంబాలున్నాయి. కాకపోతే వాళ్ళంతా ఆ మూడు నెలలను పూర్తిగా వాడుకున్నవాళ్ళు.

ఆ మూడు నెలలేమిటో కాస్త వివరంగా చెబుతాను. స్థలం ఒప్పందంలో ‘ఇన్ని రోజుల్లోపు ఇంటి కాంట్రాక్టు కుదరకపోతే ఈ ఒప్పందం రద్దు’ అని ఒక అంశం ఉంటుంది. మామూలుగా మూడు నెలలు. ఈ రద్దును హాకుషి కాయిజో అంటారు. హాకుషి అంటే తెల్ల కాగితం. అసలు ఏమీ రాసుకోనట్టే లెక్క. మీ అడ్వాన్సు, అంటే తెత్సుకే, పూర్తిగా వెనక్కి రావాలి. అదొక్కటే కాదు, స్థలం పేరు చెప్పి ఏ పద్దు కింద తీసుకున్న డబ్బైనా తిరిగివ్వాలి. ఇళ్ళ స్థలాల ప్రకటనలకు జపాన్‌లో ఒక నియమావళి ఉంది, ‘షరతున్న స్థలం’ అని ప్రకటన ఇచ్చుకోవాలంటే ఈ రద్దు, ఈ వాపసు రెండూ ఉండి తీరాలి. ప్లాన్ నచ్చలేదనో ధర కుదరలేదనో మీరు ఆగిపోతే అది మీ తప్పు కిందికి రాదు.

అదే ఇంటి కాంట్రాక్టు, అంటే ఉకెఓయి కేయాకు, మీద హాంకో (సంతకం బదులు వేసే ముద్ర) పడిందా, షరతు తీరిపోయినట్టే. ఆ తర్వాత వద్దనుకుంటే స్థలం మీద కట్టిన 100 మాన్ వదులుకోవాలి. ఇల్లు కట్టేవాడికి అప్పటిదాకా అయిన నష్టమూ ఇచ్చుకోవాలి. జపాన్ సివిల్ కోడ్‌లో 641వ సెక్షన్ ప్రకారం పని పూర్తయ్యేలోపు ఎప్పుడైనా కట్టించుకునేవాళ్ళు కాంట్రాక్టు ఆపేయవచ్చు. నష్టపరిహారం మాత్రం కట్టాలి సుమా.

రెండూ ఒకే రోజు పెడితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చూడండి. మీకు ఒప్పందం ఇచ్చిన మూడు నెలలు ఒక మధ్యాహ్నంలో ఆవిరైపోతాయి. బడ్జెట్టు, డిజైను, గడువు సరిగ్గా మాట్లాడుకోకుండా ఈ రెండు ఒప్పందాలూ ఒకే రోజో, వెంటవెంటనో చేయించడం తగదని ఇక్కడి భూమి, రవాణా మంత్రిత్వశాఖ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. కొనేవాళ్ళు తామే కోరుకుంటే తప్ప అని ఒక మినహాయింపు ఉంది. కాబట్టి ‘మా కోరిక మీదే ఒకే రోజు చేస్తున్నాం’ అన్న వాక్యం మీ ముందుకొచ్చే కాగితాల్లో ఎక్కడైనా ఉందేమో చూసుకోండి.

మరి బ్యాంకు సంగతి? సేల్స్ అతను చెప్పింది సగం నిజం. తుది పరిశీలన, అంటే హోన్ షిన్సా, చేసేటప్పుడు బ్యాంకు స్థలం ఒప్పందంతో పాటు ఇంటి కాంట్రాక్టు కూడా అడగడం మామూలే. కానీ తుది పరిశీలన శనివారమే జరగాలని ఎవరన్నారు? ముందు జరిగేది జిజెన్ షిన్సా, ప్రాథమిక పరిశీలన. దానికి ఒక ఉజ్జాయింపు ప్లాన్, ఎస్టిమేటు సరిపోతాయి. అది అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే శనివారం లోపు కనీసం అప్లికేషన్ అయినా పెట్టండి. తర్వాత స్థలం కాగితం, తర్వాత డిజైన్ మాటలు, అవి తేలాక ఇంటి కాంట్రాక్టు, ఆపైన హోన్ షిన్సా, ఆ తర్వాతే స్థలానికి మిగతా డబ్బు కట్టి పేరు మార్పించుకోవడం. ఈ వరస తప్పనివ్వకండి. లోన్ రాకపోతే ఒప్పందం రద్దయ్యే ‘రోన్ తోకుయాకు’ అంశం ఉంటుంది కదా, దాని గడువు కూడా ఈ వరసకు సరిపోవాలి. స్థలం ఒప్పందంలో లోన్ గడువు నెల రోజులని రాసి, ఇంటి ఒప్పందానికి మూడు నెలలు ఇచ్చారనుకోండి, రెండో నెలలో బ్యాంకు కాదంటే మీరు ఇరుక్కుపోతారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇదంతా ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నేను రెండూ ఒకే రోజు పెట్టినదాన్ని కాబట్టి.

2013 సెప్టెంబరు. మేం కనగావాలో చూసిన స్థలమూ ఇలాంటిదే. మరుసటి ఏప్రిల్ నుంచి అమ్మకం పన్ను 5 నుంచి 8 శాతానికి పెరుగుతోంది. ఇంటి కాంట్రాక్టు సెప్టెంబరు 30 లోపు రాసుకుంటే ఇల్లు ఎప్పుడు చేతికొచ్చినా పాత 5 శాతమే. ఆ నిబంధన నిజంగానే ఉండేది, అబద్ధం కాదు. 1,700 మాన్ ఇంటికి మూడు శాతమంటే 51 మాన్. సేల్స్ అతను కాలిక్యులేటర్ మీద కొట్టి మా వైపు తిప్పి చూపించాడు. చల్లటి ముగిచా తాగుతూ ఇద్దరం సంతకాలు పెట్టేశాం. ప్లాన్ తర్వాత మార్చుకోవచ్చన్నారు మాకూ.

మార్చుకోనిచ్చారు, నిజమే. ప్రతి మార్పుకీ ‘త్సుయికా’ అన్నారు. త్సుయికా అంటే అదనం. వంటగది పొయ్యి పైన గాలి లాగే ఫ్యాన్ గొట్టం సరిగ్గా పక్కింటి పడగ్గది కిటికీకి ఎదురుగా వచ్చింది. మన పోపు ఘాటు సంగతి మనకు తెలుసు కదా, అది అవతలి గోడకు మార్చమన్నాను. త్సుయికా. ఇడ్లీ పిండి గ్రైండర్‌కి 200 వోల్టుల ప్లగ్గు కావాలన్నాను, ఇక్కడ గోడకు వచ్చేది 100 వోల్టులే కదా. త్సుయికా. దేవుడి మూల కోసం అరలో ఒక లైటు. త్సుయికా. అప్పటికి మా పాపకి నాలుగేళ్ళు, ఇంకో ఇడ్లీ అడిగితే ‘త్సుయికా’ అనడం నేర్చేసుకుంది. అంతా కలిపి 140 మాన్ దాకా ఎక్కువ కట్టాం, 51 మాన్ మిగుల్చుకుందామని వెళ్ళి. ఒకదశలో విసుగొచ్చి మానేద్దామంటే తెత్సుకే పోతుంది, పైగా డిజైన్ ఖర్చులు ఎదురు కట్టాలన్నారు. అప్పుడు గానీ ఒప్పందం తీసి నిదానంగా చదవలేదు మేం.

అవే మార్పులు కాంట్రాక్టుకి ముందు అడిగి ఉంటే? సగం ఉచితంగా చేసిపెట్టేవాళ్ళు. ఎందుకంటే అప్పటికి సంతకం కావాల్సింది వాళ్ళకి.

కాబట్టి మూడు నెలల లెక్క వేసుకోండి. మూడు నెలలంటే పదమూడు శనాదివారాలు. అందులో ఓబోన్ సెలవులో, మేలో గోల్డెన్ వీక్ సెలవులో, బాబుకి జ్వరమో కొన్ని తినేస్తాయి. వారాల మధ్యలో వాళ్ళకి బుధవారం సెలవు. బుధవారం పేరులో ఉన్న అక్షరానికి నీరని అర్థం, నీళ్ళలా ఒప్పందాలు కొట్టుకుపోతాయని ఈ వ్యాపారంలో ఆ రోజు సెలవు పెట్టుకుంటారని చెబుతారు. మనకు మంగళవారం ఎలాగో వాళ్ళకు బుధవారం అలాగన్నమాట. మొత్తానికి మీకు మిగిలేది ఏడెనిమిది సిట్టింగులు. మొదటి రెండింట్లో గదులు తేల్చండి, తర్వాత కిటికీలు, వంటగది, ఆపైన కరెంటు పాయింట్లు. ప్రతి సిట్టింగు తర్వాత కొత్త ప్లాను, కొత్త ఎస్టిమేటు తేదీ వేయించి తెచ్చుకోండి. చివరి ఎస్టిమేటులో ‘ఇస్షికి’, అంటే ‘మొత్తం కలిపి’, అన్న మాట పక్కన పెద్ద అంకె ఉంటే అందులో ఏమేం ఉన్నాయో విడగొట్టి రాయమనండి. గడువు చాలకపోతే పొడిగించమని అడగవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. నోటిమాట కాదు, కాగితం మీద.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ దీనికే కొందరు దెబ్బతిన్నారు. మూడు నెలలు దాటగానే ఒప్పందం దానంతటదే రద్దవుతుందా, లేక ఫలానా తేదీలోపు మీరు రద్దు చేస్తున్నామని తెలపాలా? రెండు రకాలుగానూ రాస్తారు. రెండో రకమైతే ఆ తేదీ ఫ్రిజ్ మీద అంటించుకోండి. చెప్పాల్సి వస్తే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా పోస్టాఫీసు నుంచి నాయియో షోమేయి ఉత్తరం పంపండి, ఏం రాశారో ఏ రోజు పంపారో పోస్టాఫీసే సాక్ష్యం.

ఇక డబ్బు. మాన్ అంటే పదివేలు కాబట్టి పదితో భాగిస్తే మన లక్షలు వచ్చేస్తాయి. మీ స్థలం 248 లక్షల యెన్లు. త్సుబో అంటే సుమారు 3.3 చదరపు మీటర్లు, మన గజాల్లో దాదాపు నాలుగు. మీ 38 త్సుబోలు 150 గజాలు. అత్తగారికి ఫోన్లో చెప్పేటప్పుడు గజాల్లో చెబితే ఆవిడకీ ఊహకందుతుంది.

ఇల్లు త్సుబోకి 62 మాన్, 30 త్సుబోలు, అంటే 1,860 మాన్. మీవారి లెక్కలో స్థలం 2,480 ప్లస్ ఇల్లు 1,860, మొత్తం 4,340 అని ఉండి ఉంటుంది. ఆ అంకెతో ఇల్లు పూర్తవదు. మొదట, ఆ 62లో 10 శాతం పన్ను కలిసిందా అడగండి. స్థలానికి అమ్మకం పన్ను ఉండదు, ఇంటికి ఉంటుంది. తర్వాత, ఆ 30 త్సుబోలు గదుల నేల వైశాల్యమా, లేక బాల్కనీ, గుమ్మం ముందు పోర్చి కలిపిన పని వైశాల్యమా? రెండో దాని మీద లెక్కగడితే త్సుబో ధర తక్కువగా కనబడుతుంది, బిల్లు ఎక్కువొస్తుంది. ఆ పైన నేల గట్టిచేసే పని, రోడ్డు కింది నుంచి నీళ్ళ గొట్టం లాగడం, డిజైను, అనుమతుల ఫీజులు, ప్రహరీ, కారు పెట్టుకునే చోట కాంక్రీటు, ఏసీలు, కర్టెన్లు. ఇక్కడి బిల్డర్లది ఒక మోటు లెక్కుంది. ఇంటికయ్యే మొత్తంలో అసలు ఇల్లు 70 వంతులు, బయటి పనులు 20, ఖర్చులు 10. ఆ లెక్కన 1,860 కాస్తా 2,650 దగ్గర తేలుతుంది. నేలను బట్టి, మీ కోరికలను బట్టి అటూ ఇటూ కావచ్చు గానీ బ్యాంకుకి 1,860 చెప్పి లోన్ తెచ్చుకుంటే ప్రహరీ కట్టే నాటికి చేతిలో ఏమీ మిగలదు.

మధ్యవర్తి కమిషన్ కూడా చూసుకోండి. 400 మాన్ దాటిన ధరకు మామూలుగా గరిష్ఠంగా మూడు శాతం, దానికి ఆరు మాన్, మొత్తం మీద పన్ను. మీ స్థలానికి 8,84,400 యెన్లు అవుతుంది. అమ్మే కంపెనీయే నేరుగా మీతో మాట్లాడుతుంటే ఇది అసలు ఉండదు. మధ్యవర్తి ఉన్నా స్థలం ధర మీదే తీసుకోవాలి, ఇంటి కాంట్రాక్టు మీద కాదు. ఒప్పందం తెల్ల కాగితమైతే ఇది కూడా తిరిగొస్తుందని రాయించుకోండి. ఇంకోటి, హోమ్ లోన్ డబ్బు మామూలుగా ఇల్లు పూర్తయ్యాక వస్తుంది. స్థలానికి, పని మొదలైనప్పుడు, కప్పు దూలం లేచినప్పుడు కట్టాల్సిన వాయిదాలకు మధ్యలో త్సునాగి యూషి అని వేరే అప్పు తీసుకోవాల్సి రావచ్చు. త్సునాగి అంటే అతుకు. దాని వడ్డీ ఎక్కువ. ఈ అతుకు లేకుండా స్థలానికి విడిగా ముందే ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి, రెండు మూడు చోట్ల అడగండి. వాయిదాల విషయంలో ఒక్క జాగ్రత్త, జరిగిన పని కంటే ముందు డబ్బు పరుగెత్తకూడదు. సగం కట్టి చేతులెత్తేసిన కంపెనీలు ఇక్కడా ఉన్నాయి. మధ్యలో కంపెనీ మునిగితే ఇల్లు పూర్తి చేయించే కన్సేయి హోషో ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

స్థలం ఎంత నచ్చినా నేల సంగతి తేల్చుకోవాలి. ఆ లైన్ పొడుగునా కొన్ని చోట్ల మెరక, కొన్ని చోట్ల ఏటి పక్క పల్లం. నీరు పల్లమెరుగని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరి హజార్డ్ మ్యాపులో మీ స్థలం ఏ రంగులో ఉందో చూడండి. 2020 ఆగస్టు నుంచి వరద మ్యాపులో స్థలం ఎక్కడుందో ఒప్పందానికి ముందు కొనేవాళ్ళకు చూపించి చెప్పడం తప్పనిసరి. జపాన్ సర్వే సంస్థ కోకుదో చిరీయిన్ వెబ్‌సైటులో పాత విమాన ఫోటోలు ఉచితంగా కనిపిస్తాయి. యాభై, అరవై ఏళ్ళ కిందట అక్కడ వరి మడి ఉందా, చెరువుందా, అడవుందా తెలిసిపోతుంది. మడి అయితే కొనవద్దని కాదు, నేల గట్టిచేసే ఖర్చు బడ్జెట్టులో వేసుకోవాలని. 2011 భూకంపానికి ఇదే చిబాలో ఉరయాసు దగ్గర సముద్రాన్ని పూడ్చిన నేల నీరుగారి, ఇళ్ళు ఒరిగిపోయాయి. నేల పరీక్ష ఎప్పుడు చేస్తారు, ఖర్చు ఎవరిది, గట్టిచేయడానికి ఎంత దాకా అవ్వొచ్చు అనేవి ఇంటి కాంట్రాక్టుకి ముందే తేలాలి. తర్వాత తేలితే? తెలుసుగా, త్సుయికా.

షరతు తీసేయించుకోవచ్చా అన్నారు. అడగవచ్చు. హక్కు కాదు, బేరం. స్థలం ధర మీద ఇంకొంత ఎక్కువిస్తే షరతు వదులుకునేవాళ్ళుంటారు, ఇంటి మీద రావాల్సిన లాభం అలా తీసుకుంటారు. బోర్డు పెట్టి ఏడాదైనా అమ్ముడుపోని ముక్కకైతే సులువుగా ఒప్పుకుంటారు, నిన్నగాక మొన్న పెట్టినదానికి ఒప్పుకోరు. నిజానికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఆ కంపెనీ ఇళ్ళు ఎలా కడుతుంది? వాళ్ళు నాలుగైదేళ్ళ కింద కట్టిన ఇల్లొకటి చూపించమనండి, కొత్తది కాదు. భూకంపాలకు తట్టుకునే గ్రేడు తాయిషిన్ తోక్యూ 3 ఇస్తారా, లెక్కలు కట్టి ఇస్తారా, ఉజ్జాయింపుగానా అడగండి. 2025 ఏప్రిల్ నుంచి రెండంతస్తుల చెక్క ఇళ్ళకు కూడా అనుమతుల్లో నిర్మాణ బలాన్ని పరిశీలిస్తున్నారు, అందువల్ల అనుమతికి ముందుకంటే ఎక్కువ రోజులు పడుతోంది. బాబు స్కూలు ఏప్రిల్‌లో మొదలవుతుందని తొందర పెట్టుకుంటే ఈ రోజులు కలుపుకోండి. ఇంకో సంగతి, జపాన్‌లో చెక్క ఇంటి ఆయుష్షు పన్ను లెక్కల్లో 22 ఏళ్ళే. అప్పటికి ఇంటికి పెద్ద ధర పలకదు, మిగిలేది స్థలమే. ఇంటి మీద త్సుయికాలు పెంచుకుంటూ పోయేటప్పుడు మీవారికి ఇది గుర్తుచేయండి.

ఇక అత్తగారు. దక్షిణం రోడ్డు స్థలంలో తూర్పు ముఖంగా వాకిలి పెట్టాలంటే తూర్పు పక్కన నడవడానికి దారి వదలాలి. ఎలాగూ పక్కింటి హద్దుకి అర మీటరైనా వదలాలని ఇక్కడి సివిల్ కోడ్, నడిచే దారంటే ఇంకో మీటరు. 150 గజాల్లో ఆ మీటరు ఒక గదిని కోసేస్తుంది. పైగా జాగా కలిసొస్తుందని వాకిలిని రోడ్డుకు దగ్గరగా తూర్పున పెడితే అది తూర్పు ఆగ్నేయం అవుతుంది, వాస్తు తెలిసినవాళ్ళు అదే వద్దంటారు. దక్షిణ ఆగ్నేయం వాకిలి మాత్రం ఉచ్ఛమే అని మనవాళ్ళే చెబుతారు. ఆ మాట ఎవరైనా పెద్దవాళ్ళ చేత అత్తగారి చెవిన వేయించండి, మీరు చెబితే వినకపోవచ్చు.

తమాషా ఏమిటంటే జపాన్‌వాళ్ళకీ ‘కసో’ అని ఇంటి శాస్త్రముంది. మనకు దేవుడి మూల అయిన ఈశాన్యం వాళ్ళకి కిమోన్, దయ్యాల గుమ్మం. దేవుడుంటాడని మనం, దయ్యాలొస్తాయని వాళ్ళు, ఇద్దరమూ అక్కడ టాయిలెట్ పెట్టం. డిజైనర్‌కి ‘కిమోన్‌లో టాయిలెట్ వద్దు’ అని ఒక్క మాట చెబితే చాలు, మన వాస్తు మొత్తం వివరించే పని తప్పుతుంది. మా డిజైనర్ ఆ మాట వినగానే నవ్వి, వాళ్ళ అమ్మమ్మ కూడా ఇదే అనేదన్నాడు. పని మొదలయ్యే ముందు వాళ్ళు జిచిన్‌సాయి చేస్తారు. నాలుగు పచ్చి వెదుళ్ళు పాతి, గడ్డి తాడు చుట్టి, షింతో పూజారి వచ్చి భూమిని శాంతింపజేస్తాడు. అచ్చం మన శంకుస్థాపన. మేం ఆ రోజే ఒక మూల కొబ్బరికాయ కొట్టాం, పూజారి ఏమీ అనుకోలేదు, చిప్ప ఎక్కడ పెట్టాలని అడిగాడు.

శనివారానికి వస్తాను. రేపే ఫోన్ చేసి స్థలం ఒప్పందం, జూయో జికో సెత్సుమేయిషో (స్థలం గురించిన ముఖ్య విషయాల కాగితం) రెండూ ముందుగా మెయిల్లో పంపమనండి. శనివారం తక్కెన్‌షి (లైసెన్సున్న స్థిరాస్తి నిపుణుడు) గబగబా చదివి వినిపిస్తాడు, జపనీస్ ఎంత వచ్చినా అప్పుడు బుర్రకెక్కదు. శుక్రవారం రాత్రికల్లా చదివేసి, అర్థం కాని చోట గీతలు పెట్టుకోండి. అందులో మూడు చూడండి: హాకుషి కాయిజో వాక్యం ఉందా, గడువు ఎన్ని రోజులు, లోన్ గడువు ఏ తేదీ. పంపడానికి కుదరదంటే శనివారాన్ని ఇంకో వారం జరపమనండి. స్థలం ఈలోగా ఇంకొకరికి పోతుందంటారు. పోవచ్చు కూడా. నాలుగు ముక్కల్లో మిగతా మూడూ ఏమయ్యాయో అప్పుడే అడగండి.

ఇంటి ఎస్టిమేటు ఫోటో పంపితే ‘ఇస్షికి’ అని ఎక్కడెక్కడ రాశారో నేనూ చూస్తాను.